కొండగొర్రె, మందగొర్రె

బొంగులూరులో మా పాత ఇంటి అరుగు మీద, తలుపుకు కుడిపక్క గోడకు ఒక పుర్రె వేలాడుతుండేది. చిన్న పుర్రె. దానికి నాలుగు కొమ్ములు. వెనకవి రెండూ నిటారుగా నా జానెడు కన్నా తక్కువ ఉండేవి. ముందువి రెండూ బొటనవేలి కణుపంత మొటికలు. బడి నుంచి రాగానే నా సంచి ఆ వెనక కొమ్ముకే తగిలించేదాన్ని. ఇంటికొచ్చిన ప్రతి మగ చుట్టానికీ మా తాత దాన్ని చూపించి, "నేను కొట్టిన కొండగొర్రె" అని చెప్పేవాడు. ఆ తర్వాత అరగంట కథ నడిచేది. ఆ కథలో ఒక కొండ, ఒక తుపాకి, ఒక తాత. ఇంకెవరూ ఉండేవారు కాదు.

నాకు అర్థంకానిది ఆ పేరు. మా ఊళ్ళో కురుమల మందలు బోలెడు. గొర్రె అంటే ఏమిటో పొద్దున లేస్తే చూసేదాన్ని. నాలుగు కొమ్ముల గొర్రె ఏమిటి?

చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అది గొర్రె కానే కాదని. హిందీలో చౌసింఘా అంటారు. జింకలాగా కనిపించే చిన్న జంతువు. భుజం దగ్గర రెండడుగుల ఎత్తు, ఇరవై కిలోల బరువు. ప్రపంచం మొత్తం మీద భారతదేశంలో, నేపాల్‌లో తప్ప ఎక్కడా లేదు. బతికున్న అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములున్నది ఇదొక్కటే. ఆ కొమ్ములు కూడా మగదానికే. ఆడదానికి కొమ్ములు ఉండవు. 1816లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాటిన్ పేరు పెట్టినప్పుడు, 'నాలుగు కొమ్ములది' అనే పెట్టాడు. అంటే జాతి మొత్తానికి మగదాని ఆనవాలే పేరయింది. మన తెలుగు పేరు మాత్రం కొమ్ముల జోలికి పోలేదు. కొండల్లో ఉండేది, గొర్రెలాంటిది, కొండగొర్రె. ఆడదైనా మగదైనా అదే. ఈ పేరు పెట్టినవాళ్ళు గోడకు తగిలించుకోవడానికి దాన్ని చూసి ఉండరనిపిస్తుంది.

మద్రాసు రాష్ట్రంలోని దొరలు కొండగొర్రెతోపాటు మొరిగే జింకను కూడా కలిపి 'జంగిల్ షీప్' అనేవారు. చామల లోయ దగ్గరి అడవుల గురించి రాసిన కెన్నెత్ ఆండర్సన్ కథల్లో కూడా ఆ మాట వస్తుంది. అంటే ఆ దొరలకు దారి చూపించిన మనుషుల నోటి మాట ఇంగ్లీషులోకి వెళ్ళింది. మనుషులు వెళ్ళలేదు.

ఈ వ్యాసం ఆ మనుషుల గురించి. వాళ్ళ వెనక ఇంకా కనిపించని మనుషుల గురించి. మా ఇంటి గురించి కూడా.

*

వేట చరిత్ర అంటే మనకు ఒంటరి మగవాడి చరిత్రగానే దొరుకుతుంది. కొండ ఎక్కాడు, జంతువును కనిపెట్టాడు, కొట్టాడు. ఈ కథకు అతి పెద్ద వేదిక పామీర్ పర్వతాలు. అక్కడి అడవి గొర్రెల కొమ్ముల గురించి 13వ శతాబ్దంలో మార్కో పోలో చెప్పాడు. ఆ కొమ్ములతో గొర్రెల కాపరులు గిన్నెలు చేసుకుంటారని కూడా చెప్పాడు. 1838లో జాన్ వుడ్ అనే అధికారి ఆ కొమ్ములను వెంట తెచ్చాడు. 1841లో ఎడ్వర్డ్ బ్లైత్ ఆ గొర్రెకు మార్కో పోలో పేరే పెట్టాడు. గిన్నెలు చేసుకున్నవాళ్ళ పేరు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అక్కడి నుంచి వందేళ్ళపాటు, దూర కొండల్లో మగ గొర్రెను కొట్టి కొమ్ములు కొలిచి ఇంటికి తెచ్చుకోవడం గొప్ప మగతనంగా నడిచింది. లండన్‌లోని రోలండ్ వార్డ్ కంపెనీ 1892 నుంచి ఈ కొమ్ముల కొలతలతో పుస్తకాలు వేసింది. ఎన్ని అంగుళాలు, ఎక్కడ కొట్టారు, ఎవరు కొట్టారు. కొలతకు నిలిచేది మగ జంతువు, రాసుకునేది మగవాడి పేరు.

1925లో అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకులు థియోడర్, కెర్మిట్ ఇద్దరూ షికాగో మ్యూజియం కోసం ఈ గొర్రెలను కొట్టడానికి పామీర్‌కు వచ్చారు. మరుసటి ఏడాది పుస్తకం రాశారు. వాళ్ళను నడిపించింది రహీమా లూన్, ఖలీల్ లూన్ అనే కాశ్మీరీ అన్నదమ్ములు. రూజ్‌వెల్టులు వాళ్ళ పేర్లు రాశారు, మెచ్చుకున్నారు. అంతవరకు న్యాయమే. షికారీ అనే మాటను మనం ఇప్పుడు వేటగాడు అనే అర్థంలో వాడుతున్నాం. దొరల పుస్తకాల్లో మాత్రం షికారీ అంటే వెంట తీసుకెళ్ళేవాడు. జాడ తీసేవాడు, గాలి ఎటు వీస్తుందో చూసేవాడు, ఎక్కడ కూర్చోవాలో చూపేవాడు, ఎప్పుడు పేల్చాలో చెవిలో చెప్పేవాడు. వేలుతో మీట నొక్కడం తప్ప మిగతాదంతా చేసేవాడన్నమాట. ఆండర్సన్ పుస్తకాల్లోని బైర పూజారిలాగా కొందరి పేర్లు మిగిలాయి.

మరి ఆ షికారీల ఇంట్లో వాళ్ళు అడవికి పోయిన నెలల్లో ఏమి తిన్నారు? మూటలు మోసిన కూలీలకు రొట్టెలు కాల్చింది ఎవరు? మార్గదర్శి దాకా వచ్చి చరిత్ర ఆగిపోతుంది. ఆ తర్వాతి మెట్టు మీద ఆడవాళ్ళు ఉంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వేటలో ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. నూర్జహాన్ ఆరు గుండ్లతో నాలుగు పులులను కొట్టిందని జహంగీర్ తన జ్ఞాపకాల్లో మురిసిపోతూ రాసుకున్నాడు. 1895లో నోరా గార్డ్‌నర్, 1900లో ఇసబెల్ సావరీ ఈ దేశంలో తమ వేటల మీద పుస్తకాలు అచ్చువేశారు. సావరీ తన పుస్తకానికి భారతదేశంలో ఒక క్రీడాకారిణి అన్న అర్థం వచ్చే పేరే పెట్టుకుంది. ఎనభైల్లో మేము స్త్రీల చరిత్ర వెతుక్కుంటున్న రోజుల్లో ఇలాంటి పుస్తకం కనిపిస్తే సంబరపడేవాళ్ళం. పొడుగు గౌనులు, పార్లర్ మర్యాదలు వదిలేసి తుపాకి పట్టిన స్త్రీ! ఆ సంబరం అబద్ధం కాదు. ఆమె తెంచుకున్న కట్లు నిజమే. కానీ ఆ స్వేచ్ఛకు సామాను మోసింది ఎవరని మేము ఆ రోజుల్లో అడగలేదు.

*

నాకు ఆ ప్రశ్న ఒక ఫొటో ముందు పుట్టింది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర షికారు చేశాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫొటో అది. కర్జన్, పక్కన ఆయన భార్య మేరీ, ముందర చచ్చిన పులి. మొదటి రోజు వేట అని కింద రాసి ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కూడా పెద్ద పులివేటగాడు. ముప్పై పులులకు పైగా కొట్టాడంటారు. 'తీస్‌మార్ ఖాన్' అన్న మాట ఆయన నుంచే వచ్చిందని హైదరాబాదులో ముచ్చట చెప్పుకుంటారు.

ఇదే దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. ఘోషా స్త్రీలను ఫొటో తీయడానికి కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడను పెట్టాడు. స్త్రీల చరిత్రలో ఇది మనం ఇష్టంగా చెప్పుకునే ముక్క. ఒకే స్టూడియోలో రెండు రకాల ఆడవాళ్ళు ఇలా కనిపిస్తారు. పులి పక్కన నిలబడ్డ లేడీ కర్జన్ ఒకరు, ఎత్తైన గోడల వెనక కూర్చున్న బేగం ఇంకొకరు. మూడో రకం ఆడవాళ్ళు మాత్రం ఏ ఫొటోలోనూ లేరు. నెక్కొండ డేరాలకు నీళ్ళు మోసినవాళ్ళు, బియ్యం దంచినవాళ్ళు, నేల అలికినవాళ్ళు.

వాళ్ళు ఉన్నారని నాకెట్లా తెలుసు? నిజాం రాజ్యంలో అధికారి దౌరా మీద వస్తే ఊరు ఏమేమి చేయాలో తెలుసు కాబట్టి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టిని కులాలవారీగా చెప్పాడు. కుమ్మరి కుండలు ఇవ్వాలి, వంట చేయాలి. చాకలి బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి. గొల్లవాళ్ళు గొర్రెలను ఇవ్వాలి. మాదిగలు, మాలలు మూటలు మోయాలి, కబురు మోయాలి, బండి ముందు పరుగెత్తాలి. ధర ఉండదు, కూలి ఉండదు. షికారు ముకాం అంటే ఈ దౌరాకు పదింతలు. దానికి మీదనుంచి హాకా ఒకటి. ఊరి మగవాళ్ళంతా డప్పులు, డబ్బాలు కొడుతూ పొదలు తడుతూ జంతువును మంచె వైపు తోలాలి. గాయపడ్డ పులి ఎదురైతే మొదట పడేది వాళ్ళ మీదే.

'కులాలవారీగా' అని రాసిన ప్రతిచోటా మనం 'ఇంటివారీగా' అని చదువుకోవాలి. కుమ్మరి ఇచ్చే కుండకు మన్ను తొక్కింది భార్య. చాకలి అంటే ఇద్దరూ. మగవాణ్ణి హాకాకు పట్టుకుపోతే చేనుకు నీళ్ళు పెట్టేది ఆడమనిషి. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ చదవడం మాకు నేర్పింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పుకున్న ఆ పుస్తకం చదివాకే నేనూ ఒక టేప్‌రికార్డరు కొన్నాను.

*

టేప్‌రికార్డరు పట్టుకుని నేను మొదట మా ఊరికే వెళ్ళాను. 1994 ఎండాకాలం. ఊళ్ళో ఒక కురుమ అవ్వ ఉండేది. డెబ్భై దాటి ఉంటాయి. నేను పెద్దవ్వ అని పిలిచేదాన్ని. మాది పోలీసు పటేలు ఇల్లు. ఆమె మా గుమ్మం లోపలికి ఎన్నడూ రాలేదు. అరుగు కింద కూర్చునే మాట్లాడేది. ఆ రోజు నేనే ఆమె ఇంటికి పోయి చాప మీద కూర్చుంటే ఇబ్బంది పడింది.

నేను అడగాలనుకున్నది రజాకార్ల కాలం గురించి. ఆమె చెప్పింది వేట గురించి.

హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ నేల ఒకప్పుడు కృష్ణజింకల నేల. మా వైపు ఇర్రి అంటారు. సాహెబ్‌నగర్, హయత్‌నగర్ వైపు నిజాం షికారుగా ఉండేది. అందులో మిగిలిన ముక్కనే 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం పేరు మీద హరిణ వనస్థలి చేశారు. ఇప్పటి వనస్థలిపురం పేరు అట్లా వచ్చింది. ఆ ఇర్రుల కోసం వచ్చిన ఒక సర్కారు పెద్దమనిషి ఇబ్రహీంపట్నం చెరువు దిక్కు డేరాలు వేశాడట. పెద్దవ్వకు అప్పుడు పదీ పన్నెండేళ్ళు. పేరు ఆమెకు తెలియదు. "ఏ సాయెబో మాకెర్కేనా బిడ్డా. మీ తాత వచ్చి చెప్తే మాకు సర్కారు వచ్చినట్టె."

ఐదు రోజులు. రోజుకు రెండు గొర్రెలు. కురుమల ఇండ్లలో వంతులు వేసింది మా తాత. పెద్దవ్వ తల్లికి ఒక గొర్రె ఉండేదట. దాని తల్లి ఈనగానే చస్తే పిల్లను ఇంట్లో పెట్టుకుని మేకపాలు పట్టి పెంచింది. కండ్ల చుట్టూ నల్లగా ఉండేదని దాన్ని కాటుకది అనేవాళ్ళు. మందలో కలవకుండా ఆమె వెంటే తిరిగేది. మూడో రోజు వంతు వచ్చినప్పుడు మొగుడు మందలోంచి ఇంకోదాన్ని పట్టబోతే, వచ్చిన మనిషి ఇంటి ముందర మేస్తున్న కాటుకదాన్నే తీసుకుపోయాడు. బలిసి ఉందని.

"మా అమ్మ ఏడ్వలే. ఎనకంగ పోయింది చెర్వు కాడి దాక. ఆడ ఆమెను ఆపి, వచ్చినవు గద, పిండి ఇసురుమన్నరు. పొద్దుమీకే దాక జొన్నలు ఇసిరి వచ్చింది. పొయ్యి మీద ఉడుకుతున్నదేందో ఆమెకు ఎర్కే."

కాసేపు ఊరుకుంది. టేపు తిరుగుతూనే ఉంది. తర్వాత, నా వైపు చూడకుండా, మామూలుగానే అడిగింది.

"సాయెబులు కొట్టినయాటి కొమ్ములు ఇండ్లల్ల పెట్టుకున్నరు. మీ ఇంట్ల గూడ ఉండె గద. మా గొర్రె ఏడున్నది బిడ్డా?"

నేను జవాబు చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటికి మా ఇంటి పుర్రె కూడా లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, ఇంట్లో ఉన్న కొమ్ములు, చర్మాలు సర్కారుకు చెప్పుకోవాలని ఎవరో అంటే మా తాత భయపడ్డాడు. చెప్పుకోవడానికి నామోషీ. రాత్రిపూట దాన్ని పాతబావిలో వేయించాడు. స్వయంగా వేయలేదు. జీతగాడితో వేయించాడు.

*

ఇంతకూ మా ఇంటి కొండగొర్రెను కొట్టిందెవరు? ఇది మా నాయనమ్మ చెప్పింది, తాత పోయాక.

బొంగులూరు చుట్టుపక్కల ఉన్నవి బోళ్ళు, గుట్టలు. కొండగొర్రె ఉండేది నల్లమలలో. సాగర్ రోడ్డు పట్టి దేవరకొండ దిక్కు పోయి, డిండి దాటితే అమ్రాబాద్ పీఠభూమి. మన్ననూరు పైన ఫరహాబాద్‌లో నిజాం కాలపు షికార్ విడిది శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. పోలీసు చర్యకు కొన్నేళ్ళ ముందు ఒక జాగీర్దారు వెంట మా తాత అక్కడికి పోయాడు. పులి దొరకలేదు. వారం తిరిగి తిరిగి ఉత్తచేతుల్తో రావడం ఇష్టంలేక దీన్ని కొట్టారు.

"తుపాకి పేల్చింది మీ తాతనే," అంది నాయనమ్మ. "కానీ ఆడికి తోల్కపోయింది, కూసోబెట్టింది, ఇగ కొట్టుమన్నది ఒక చెంచాయన. దినాం ఒక్క తానే పెంటికలేస్తదట అది. ఆ కుప్ప జూసి, గిదే తొవ్వల నీళ్ళకు వస్తదని చెప్పిండట. మీ తాత నాకు ఒక్కనాడే చెప్పిండు. మల్ల ఎన్నడు చెప్పలే."

ఆ చెంచాయన చెప్పింది అక్షరాలా నిజం. కొండగొర్రె పదేపదే ఒకేచోట పెంటికలు వేస్తుంది. నీళ్ళకు మరీ దూరంగా ఉండలేదు. ఎండాకాలంలో నల్లమలలో నీళ్ళుండే చోట్లు లెక్కపెట్టినన్ని. ఆ చోట్లకు దినదినం పోయేదెవరు? ఏ నీటి దగ్గర ఏ అడుగు పడిందో ముందుగా చూసేదెవరు? నీళ్ళకూ గడ్డలకూ తిరిగే చెంచు ఆడవాళ్ళకు తెలియని జాడ ఆ మగవాడికి మాత్రమే తెలుసని అనుకోవడానికి నాకు మనసొప్పదు. కాగితం మీద రుజువు లేదు. ఆ రుజువు రాయాల్సినవాళ్ళు ఆడవాళ్ళను అడగలేదు.

చెంచులను వేటజాతి అనడం మనకు అలవాటు. హైదరాబాద్ రాజ్యంలో వాళ్ళ మధ్య పనిచేసిన క్రిస్టోఫ్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. ఆ పుస్తకం చదివితే తెలిసేది, చెంచుల కడుపు నింపింది వేట కాదని. గడ్డలు, దుంపలు, పండ్లు, ఆకులు. కొయ్యకు ఇనుప మొన పెట్టిన తవ్వుకోల పట్టుకుని గట్టినేలను తవ్వి దుంప తీయడమే వాళ్ళ రోజువారీ పని. అందులో ఆడవాళ్ళ పాలు చాలా పెద్దది. మాంసం దొరికిన రోజు దొరికినట్టు. 1966లో షికాగోలో 'మగవాడు, వేటగాడు' అన్న పేరుతో పెద్ద సదస్సు జరిగితే, సాలీ స్లోకమ్ లాంటి స్త్రీవాద మానవశాస్త్రజ్ఞులు డెబ్భైల్లో ఎదురు నిలిచి, ఏరుకొచ్చే స్త్రీ సంగతేమిటని అడిగారు. ఆ వాదానికి మన నల్లమలలో అంతకు ముప్పై ఏళ్ళ ముందే సాక్ష్యం ఉంది.

ఆ పరిశోధనల్లో హైమండార్ఫ్ వెంట నడిచిన భార్య బెట్టీ ఎలిజబెత్ పేరు కూడా చాలాకాలం కృతజ్ఞతల పేజీలోనే ఉండిపోయింది. 1987లో హైదరాబాదులో చనిపోయిన ఆమెను గోండులు తమ మార్లవాయి గ్రామంలో సమాధి చేసి గుర్తుపెట్టుకున్నారు. పుస్తకాల అట్టల కన్నా ఆ ఊరు నయం.

తెలుగు కావ్యాల్లో వేట ఘట్టం తప్పనిసరి. మనుచరిత్రలో స్వరోచి వేటకు పోతే ఎదురైన ఆడజింక మాట్లాడుతుంది, వనదేవత అవుతుంది, ఒక మనువుకు తల్లి అవుతుంది. అహోబిలంలో పారువేట పేరుతో దేవుడు కనుమ నాడు బయల్దేరి నెలన్నర దాకా ఊళ్ళు తిరుగుతాడు. చెంచులు ఆయనను తమ అల్లుడనుకుంటారు. చెంచులక్ష్మి వాళ్ళ ఆడబిడ్డ. మేడారం కథలో సమ్మక్క, వేటకు పోయిన కోయ దొరలకు పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిపాప. మన కథల్లో వేటకు పోయినవాడికి అడవిలో ఆడది ఎదురవుతూనే ఉంటుంది. దేవతగానో, పెళ్ళికూతురుగానో, బిడ్డగానో. నీళ్ళ కుండతో, తవ్వుకోలతో మాత్రం ఎదురుకాదు.

*

1972 చట్టం కొండగొర్రెను మొదటి షెడ్యూలులో పెట్టింది. 1991 సవరణతో లైసెన్సుల మీద వేటాడుకునే దారి కూడా దేశమంతటా మూసుకుపోయింది. నల్లమల 1983లో పులుల అభయారణ్యం అయింది. రాష్ట్రం రెండయ్యాక మన వైపుది అమ్రాబాద్ అభయారణ్యం. ఇది మంచిదే. కానీ దొరకు దారి చూపినప్పుడు చెంచుకు ఉన్న అడవి, దొర పోయాక అతనికే అనుమతి అడగాల్సినది అయింది. 2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరనా పట్టా ఇవ్వాలంది. ఇటీవలి సంవత్సరాల్లో మన్ననూరు నుంచి ఫరహాబాద్ దిక్కు సఫారీ జీపులు తిరిగాయి. చెంచు యువకులు గైడ్లుగా, కాపలాదార్లుగా పనిచేశారు. కనీసం జీతం ఉంది, తుపాకి లేదు. మార్గదర్శి మాత్రం మళ్ళీ మగవాడే.

సరిహద్దు అవతల పాకిస్తాన్ కొండల్లో, తజికిస్తాన్ పామీర్‌లో డబ్బు కట్టి అడవి గొర్రెలను, కొండమేకలను కొట్టే పద్ధతి ఇంకా నడుస్తోంది. పాకిస్తాన్‌లో ఒక మార్ఖోర్ పర్మిట్ ధర లక్ష డాలర్లు దాటింది. అందులో నూటికి 80 పాళ్ళు ఆ కొండల్లోని ఊరికే ఇస్తారు. ఆ డబ్బు వచ్చాక ఊళ్ళవాళ్ళే జంతువులను కాపాడారని, వాటి సంఖ్య పెరిగిందని దాన్ని సమర్థించేవాళ్ళు చూపిస్తారు. ప్రాణానికి వెల కట్టడమేమిటని వ్యతిరేకించేవాళ్ళు అడుగుతారు. నేను ఆ రెండో వైపే ఉంటాను. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. మా తాతల షికారులో ఊరి వాటా సున్నా. సున్నా కూడా కాదు, ఊరే ఎదురు కట్టింది. ఆ 80 పాళ్ళు ఊరి పెద్దల చేతికి చేరాక, రొట్టెలు కాల్చే చేతుల దాకా ఎంత వస్తుందన్నదే నాకు ఎప్పటికీ మిగిలే ప్రశ్న.

పెద్దవ్వ టేపు సంగతి చెప్పాలి. 1995లో వెట్టి మీద, ఆడవాళ్ళ జ్ఞాపకాల మీద నేనొక వ్యాసం రాశాను. కాటుక గొర్రె కథ అందులో ఉంది. దాన్ని చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వంతులు వేసింది 'ఊరి పటేలు' అని రాశాను. ఆ పటేలు మా తాత అని రాయలేదు. పెద్దవ్వ అడిగిన చివరి ప్రశ్న అసలే రాయలేదు. మా నాయన బతికి ఉన్నాడు, చదువుతాడు. ఇంకో సంగతి కూడా ఉంది. ఐదు రోజులూ డేరాలకు పోయిన పాలు, నెయ్యి, బియ్యం తలుపు వెనక నిలబడి కొలిచి పంపింది మా నాయనమ్మ. దంచడానికి ఏ ఇంటినుంచి ఏ ఆడమనిషిని పిలవాలో చెప్పింది కూడా ఆమే. జీవితమంతా గడప దాటని ఆ మనిషిని నేను బాధితురాలిగా రాయడం నేర్చుకున్నాను. మా స్త్రీవాదం నాకు ఆ భాష ఇచ్చింది. ఆమె చేతిలోని మానిక గురించి రాయడానికి మాకు దళిత స్త్రీలు, బహుజన స్త్రీలు వచ్చి మీ వంటింటి తలుపు ఎవరి మీద మూసుకుంది అని అడగాల్సి వచ్చింది.

మా నాయనమ్మా, పెద్దవ్వ తల్లీ ఒకే షికారుకు వండిపెట్టారు. ఇద్దరి పేర్లూ ఎక్కడా లేవు. అంతమాత్రాన ఇద్దరిదీ ఒకటే చరిత్ర కాదు. ఒకరు కొలిచారు, ఒకరు విసిరారు. విసిరినామెకు గొర్రె కూడా పోయింది.

ఇప్పుడు బొంగులూరులో మందలు లేవు. ఊరి పక్కనుంచి ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది. మేత భూములు ప్లాట్లయ్యాయి. పాతబావిని పూడ్చి దాని మీద నుంచి వెంచరు దారి వేశారు. కొండగొర్రె పుర్రె ఆ కింద ఎక్కడో ఉంటుంది. పెద్దవ్వ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. టేపు మాత్రం నా దగ్గర ఉంది. మొన్న దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఒక కాపీ ఆమె మనవరాలికి ఇచ్చాను. ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. విన్నాక ఫోను చేసింది.

"అమ్మమ్మ అడిగినదానికి మీరేమన్నరో టేపుల లేదు మేడమ్," అంది. "కట్ అయిందా?"

కట్ కాలేదు. నేను ఏమీ అనలేదు. ఇప్పుడు ఈ వ్యాసం ఆమెకే ముందు పంపుతున్నాను.